నొక్కిన గాలిలో నిప్పు

బావి గట్టు మీద ఆయిల్ ఇంజన్ నడిపే రైతు దాన్ని స్టార్టు చేసే ముందు సిలిండరు తల మీదున్న చిన్న లివర్‌ను పైకెత్తుతాడు. అది ఒక వాల్వును మూసుకోకుండా పట్టి ఉంచుతుంది. అప్పుడు హ్యాండిల్ తిప్పితే బరువైన ఫ్లైవీల్ కదిలి, మెల్లగా వేగం పుంజుకుంటుంది. చాలినంత వేగం వచ్చిందనిపించగానే రైతు లివర్‌ను దించేస్తాడు. అంతవరకు వాల్వు సందులోంచి బయటికి పోతున్న గాలికి దారి మూసుకుపోతుంది. పైకి వస్తున్న పిస్టన్ ఆ గాలిని ఇరుకు చోటులోకి నొక్కేస్తుంది. మొదటి దెబ్బ వినిపిస్తుంది, ఆ వెనకే రెండోది. ఇంజన్ అందుకుంటుంది.

ఆ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ లేదు, బ్యాటరీ లేదు. లోపల నిప్పు పుట్టించినది నొక్కుడుకు గురైన గాలి ఒక్కటే. సైకిల్ ట్యూబుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కడం అందరికీ అనుభవమే. గాలిని చిన్న చోటులోకి నెడితే మనం పెట్టిన శ్రమ వేడిగా మారుతుంది. 18 లీటర్ల గాలిని ఒక్క లీటరు చోటులోకి చప్పున నొక్కితే, వేడి బయటికి పోకుండా ఉన్నపక్షంలో, దాని ఉష్ణోగ్రత 650 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అందులోకి డీజిల్ తుంపర చల్లితే దానంతటదే అంటుకుంటుంది.

మోపెడ్ నుంచి మహానౌక దాకా అంతర్దహన యంత్రాల కథలో కీలకమైన ప్రశ్న ఇదే: కాల్చే ముందు గాలిని ఎంత నొక్కాలి? ఇంధనంలోని శక్తిలో ఎంత చక్రాలకు చేరుతుందో, ఎంత పొగగొట్టంలోంచి వృథాగా పోతుందో చాలావరకు దాన్ని బట్టే తేలుతుంది. ఈ సంగతి గ్రహించడానికి ఇంజనీర్లకు కొన్ని దశాబ్దాలు పట్టింది. మరింత నొక్కడానికి అడ్డొచ్చిన వాటితో పోరాడడానికి మరో శతాబ్దం పట్టింది. ఆ పోరాటంలో గొప్ప విజయాలున్నాయి, మనుషుల రక్తంలోకి విషం ఎక్కించిన ఘోరమైన తప్పు కూడా ఉంది.

నొక్కకుండా కాల్చిన రోజులు

1860లో ఎతియెన్ లెన్వార్ పారిస్‌లో గ్యాస్‌తో నడిచే ఇంజన్ తయారుచేశాడు. వీధి దీపాల కోసం గొట్టాల్లో వచ్చే బొగ్గు గ్యాసే దాని ఇంధనం. పిస్టన్ తన ప్రయాణంలో దాదాపు సగం దూరం గ్యాస్‌నూ గాలినీ లోపలికి లాగుతుంది. అక్కడ విద్యుత్ రవ్వ పడుతుంది. మిశ్రమం మండి పిస్టన్‌ను మిగతా సగం దూరం నెడుతుంది. బాయిలరు అక్కర్లేదు, బొగ్గు పోసే మనిషి అక్కర్లేదు. చిన్న కార్ఖానాలకు అది వరంలా తోచింది. అయితే ఆ ఇంజన్ తాగిన గ్యాస్‌లోని శక్తిలో సుమారు 4 శాతమే పనిగా మారేది. మిగిలినదంతా సిలిండరు గోడలనూ బయటి గాలినీ వేడిచేసి పోయేది.

లోపం ఎక్కడుందో చెప్పే సిద్ధాంతం అప్పటికే ఉంది. ఫ్రెంచి ఇంజనీరు సాదీ కార్నో 1824లోనే వేడిని పనిగా మార్చడానికున్న హద్దులను చిన్న పుస్తకంలో వివరించాడు. వేడిని ఎంత ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గర ఇచ్చి, ఎంత తక్కువ ఉష్ణోగ్రత దగ్గర వదిలేయగలిగితే అంత ఎక్కువ పని దక్కుతుందన్నది దాని సారం. 1862లో అల్ఫోన్స్ బో ద రోషా అనే మరో ఫ్రెంచి ఇంజనీరు దీన్ని ఇంజన్‌కు అన్వయించాడు. మిశ్రమాన్ని పీల్చాలి, నొక్కాలి, కాల్చాలి, పొగను వదలాలి అని నాలుగు దశలను కాగితం మీద స్పష్టంగా రాశాడు. ఇంజన్ మాత్రం కట్టలేదు.

కట్టినవాడు నికోలస్ ఆటో. ఊరూరా తిరిగి సరుకులమ్మిన ఆ జర్మన్ యువకుడికి ఇంజనీరింగ్ చదువు లేదు. లెన్వార్ ఇంజన్ గురించి విని దాని వెంట పడ్డాడు. 1864లో ఆయిగెన్ లాంగెన్‌తో కలిసి కొలోన్‌లో కంపెనీ పెట్టాడు. 1867 పారిస్ ప్రదర్శనలో వాళ్ల తొలి ఇంజన్‌కు బంగారు పతకం వచ్చింది. లెన్వార్ ఇంజన్ తాగే గ్యాస్‌లో సగం కన్నా తక్కువతోనే అది అంతే పని చేసేది. అసలు మలుపు 1876లో వచ్చింది. ఆ ఏడాది ఆటో నాలుగు స్ట్రోకుల ఇంజన్‌ను నడిపించాడు. ఆ కర్మాగారంలో అప్పుడు సాంకేతిక బాధ్యత చూస్తున్నది గాట్లీబ్ డైమ్లర్, డిజైన్లు గీస్తున్నది విల్హెల్మ్ మేబాక్. మోటారు కార్ల చరిత్రలో పేరు నిలిచిన ముగ్గురు ఒకే కప్పు కింద పనిచేశారన్నమాట. మిశ్రమాన్ని ఆ ఇంజన్ రెండున్నర రెట్లు మాత్రమే నొక్కేది. ఆ కాస్త నొక్కుడుతోనే ఫలితం లెన్వార్ ఇంజన్‌కు మూడింతలు దాటింది.

బో ద రోషా రాతల ఆధారంగా 1886లో ఆటో పేటెంటును జర్మన్ కోర్టు రద్దు చేసింది. అదే ఏడాది కార్ల్ బెంజ్ మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు పొందాడు. ఇక నాలుగు స్ట్రోకుల ఇంజన్‌ను ఎవరైనా చేసుకోవచ్చు. చేశారు కూడా.

లోపల జరిగేది

మన ఊళ్లలో ఎక్కడ చూసినా కనిపించే హీరో స్ప్లెండర్‌నే తీసుకుందాం. దాని సిలిండరు వ్యాసం 50 మిల్లీమీటర్లు. పిస్టన్ కదిలే దూరం 49.5 మిల్లీమీటర్లు. ఈ రెండు కొలతలతో లెక్కకట్టిన ఘనపరిమాణమే కాగితాల్లో కనిపించే 97.2 సీసీ.

పిస్టన్ కిందికి దిగుతూ ఇన్‌లెట్ వాల్వు గుండా గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని పీలుస్తుంది. రెండు వాల్వులూ మూసుకున్నాక పైకి వస్తూ దాన్ని దాదాపు పదోవంతు చోటులోకి నొక్కుతుంది. పిస్టన్ పైకొస కాస్త దూరంలో ఉండగానే ప్లగ్ రవ్వ విసురుతుంది. మంట పూర్తిగా వ్యాపించడానికి సమయం కావాలి కాబట్టి ఈ తొందర. మండిన వాయువు పిస్టన్‌ను కిందికి నెడుతుంది. నాలుగో స్ట్రోకులో ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుని పొగ బయటికి పోతుంది. బలం పుట్టేది ఒక్క మూడో స్ట్రోకులోనే. మిగతా మూడింటినీ తిరుగుతున్న చక్రపు ఊపు నడిపిస్తుంది.

నిమిషానికి 6,000 చుట్ల వేగంలో ఒక్కో స్ట్రోకుకు దక్కే సమయం సెకనులో 200వ వంతు. సెకనుకు 50 సార్లు మంట పుట్టాలి, ఆరాలి. పిస్టన్ సెకనుకు 200 సార్లు ఆగి, వెనక్కి తిరిగి, మళ్లీ పరుగెత్తాలి. సగటున సెకనుకు సుమారు 10 మీటర్ల వేగంతో అది సాగుతుంది.

ముందు నొక్కితే ఎక్కువ బలం ఎందుకు వస్తుంది? ఎన్ని రెట్లు నొక్కితే, కాలిన తర్వాత వాయువు అన్ని రెట్లు విచ్చుకుంటుంది. విచ్చుకుంటున్న కొద్దీ పిస్టన్‌ను నెడుతూ తన వేడిని కోల్పోతుంది. చల్లబడిన ప్రతి డిగ్రీ పనిగా మారిన శక్తే. తక్కువ విచ్చుకున్న వాయువు ఇంకా మండిపోతూనే సైలెన్సర్ దారి పడుతుంది.

నష్టాలేవీ లేని ఆదర్శ ఇంజన్‌కు ఈ లెక్క కచ్చితంగా కట్టవచ్చు. రెండున్నర రెట్లు నొక్కితే వేడిలో 31 శాతం పనిగా మారుతుంది. 5 రెట్లు నొక్కితే 47 శాతం, 10 రెట్లకు 60 శాతం, 20 రెట్లకు 70 శాతం. మొదట్లో లాభం గబగబా పెరిగి, పోను పోను పెరుగుదల మందగిస్తుంది. నిజమైన ఇంజన్లు ఇందులో సగానికి కాస్త అటూ ఇటూ ఆగుతాయి. సిలిండరు గోడలు వేడిని లాగేసుకుంటాయి, రింగుల రాపిడి కొంత తింటుంది, మంటకు పట్టే సమయం కొంత తింటుంది. మంచి స్థితిలో నడిచే పెట్రోలు ఇంజన్ ఇంధనశక్తిలో 30 నుంచి 35 శాతం రాబడుతుంది.

ట్రాఫిక్‌లో అది కూడా రాదు. పెట్రోలు ఇంజన్‌లో బలాన్ని తగ్గించాలంటే గాలిదారికి అడ్డంగా ఉన్న థ్రాటిల్ రేకును మూయాలి. ఇరుకు సందులోంచి గాలిని లాక్కోవడానికే పిస్టన్ శ్రమ పడుతుంది. సిగ్నళ్ల మధ్య మెల్లగా కదిలే బండి మైలేజీ పడిపోవడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి.

టార్క్, పవర్, గాలి

ఒక లీటరు పెట్రోలు పూర్తిగా కాలడానికి ఎంత గాలి కావాలి? బరువులో చూస్తే ప్రతి కిలో పెట్రోలుకు 14.7 కిలోల గాలి. పరిమాణంలో చూస్తే లీటరుకు సుమారు 9,000 లీటర్లు. ట్యాంకులో ఎంత పెట్రోలున్నా, సిలిండరులోకి ఎంత గాలి చేరుతుందో అంతకు తగినంతే కాలుతుంది. ఇంజన్ సామర్థ్యానికి హద్దు గీసేది గాలే.

స్ప్లెండర్ గరిష్ఠ టార్క్ 6,000 చుట్ల దగ్గర 8.05 న్యూటన్ మీటర్లు. టార్క్ అంటే క్రాంక్ షాఫ్ట్‌ను మెలితిప్పే బలం. వేగం 8,000 చుట్లకు పెరిగితే ఆ బలం 7కు పడిపోతుంది. వాల్వు తెరిచి ఉండే వ్యవధి తగ్గి, సిలిండరు నిండకముందే తలుపు మూసుకుపోతుంది. అయినా గరిష్ఠ పవర్, అంటే 5.9 కిలోవాట్లు, వచ్చేది అక్కడే. ఒక్కో దెబ్బ బలం తగ్గినా దెబ్బల సంఖ్య పెరిగింది కదా. టార్క్‌ను వేగంతో గుణిస్తే వచ్చేదే పవర్. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350లో పిస్టన్ ప్రయాణం 85.8 మిల్లీమీటర్లు. దాని 27 న్యూటన్ మీటర్ల గరిష్ఠ టార్క్ 4,000 చుట్లకే అందుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు గేరు తగ్గించకుండా లాగగలగడం అందువల్లే.

ఒక శతాబ్దంలో ఎంత దూరం వచ్చామో చెప్పే పోలిక ఒకటుంది. 1908లో రోడ్డెక్కిన ఫోర్డ్ మోడల్ టీ కారుది 2.9 లీటర్ల ఇంజన్, 20 హార్స్ పవర్. క్లాసిక్ 350 కూడా ఇంచుమించు 20 హార్స్ పవరే ఇస్తుంది, అందులో ఎనిమిదో వంతు సైజు సిలిండరుతో. మోడల్ టీ మిశ్రమాన్ని నాలుగు, నాలుగున్నర రెట్లు నొక్కేది. క్లాసిక్ తొమ్మిదిన్నర రెట్లు నొక్కుతుంది. మోడల్ టీ నిమిషానికి 1,600 చుట్లు తిరిగితే క్లాసిక్ 6,100 తిరుగుతుంది.

డీజిల్ పట్టుదల

ఆగ్నేయాసియాలో పూర్వం నిప్పు రాజేయడానికి ఒక చిన్న గొట్టం వాడేవారు. కొసన దూది లాంటిది పెట్టిన కడ్డీని గొట్టంలోకి ఒక్క దెబ్బతో దింపితే లోపలి గాలి వేడెక్కి దూది అంటుకునేది. ఇదే సూత్రాన్ని రుడాల్ఫ్ డీజిల్ ఇంజన్‌లోకి తెచ్చాడు. మ్యూనిక్‌లో కార్ల్ ఫాన్ లిండె దగ్గర ఉష్ణగతికశాస్త్రం చదివిన డీజిల్‌కు కార్నో సిద్ధాంతం మనసులో నాటుకుపోయింది. ఆవిరి యంత్రాలు బొగ్గులో నూటికి తొంభై వంతులు వృథా చేస్తున్నాయన్న బాధ ఆయన్ని వెంటాడింది.

1892లో పేటెంటుకు దరఖాస్తు చేసినప్పుడు ఆయన ఊహలు ఆకాశాన్నంటాయి. గాలిని 250 అట్మాస్ఫియర్ల పీడనం దాకా నొక్కవచ్చనుకున్నాడు. ఆనాటి ఇనుము, ఆనాటి సీళ్లు అందుకు తట్టుకోవు. 1893 ఆగస్టులో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ కర్మాగారంలో జరిగిన తొలి పరీక్షలో పీడనాన్ని కొలిచే పరికరం పేలిపోయింది. ఇంజన్ స్వయంగా తిరగకపోయినా, నొక్కుడుతోనే నిప్పు పుడుతుందని మాత్రం రుజువైంది. 1894 ఫిబ్రవరిలో మెరుగుపరిచిన ఇంజన్ సుమారు ఒక నిమిషం తనంతట తాను నడిచింది. డీజిల్ తన పీడనాల లెక్కను బాగా తగ్గించుకుని పని కొనసాగించాడు.

1897 ఫిబ్రవరి 17న మ్యూనిక్ ఆచార్యుడు మోరిట్జ్ ష్రోటర్ అధికారికంగా ఆ ఇంజన్‌ను పరీక్షించాడు. ఒకే సిలిండరు, నిమిషానికి 154 చుట్లు, సుమారు 18 హార్స్ పవర్. ఇంధనశక్తిలో 26.2 శాతం పనిగా మారింది. నాటి ఆవిరి యంత్రాల్లో మేలైనవి సైతం అందులో సగం దాటడానికి అవస్థ పడేవి.

1900 పారిస్ ప్రదర్శనలో చిన్న డీజిల్ ఇంజన్ ఒకటి వేరుశనగ నూనెతో నడిచింది. ఆఫ్రికాలోని తమ వలసల్లో విరివిగా పండే గింజతో ఇంజన్లు నడపవచ్చేమో చూడాలని ఫ్రెంచి ప్రభుత్వం కోరింది. ఏ మార్పూ లేకుండా ఇంజన్ ఆ నూనెను కాల్చింది. వేరుశనగ చేలు విస్తరించిన అనంతపురం ప్రాంతంలో ఈ కబురు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగించేదే. వేడిగాలిలోకి చల్లే ఇంజన్ ఇంధనం విషయంలో ఎంత ఉదారంగా ఉండగలదో ఆ ప్రయోగం చూపింది.

డీజిల్ ఇంజన్‌కు మరో సహజమైన మేలుంది. బలం తగ్గించాలంటే ఇంధనం తగ్గిస్తే చాలు. గాలిదారిని మూయనక్కర్లేదు, పీల్చే శ్రమ పెరగదు. అందుకే లారీలు, ట్రాక్టర్లు, బస్సులు దాని చేతిలోకి వెళ్లాయి. ఓడల్లో అది పరాకాష్ఠకు చేరింది. 2006లో నీటిలోకి దిగిన ఎమ్మా మెర్స్క్ కంటైనర్ నౌకలో 14 సిలిండర్ల ఇంజన్ ఉంది. ఒక్కో సిలిండరు వ్యాసం 96 సెంటీమీటర్లు, పిస్టన్ ప్రయాణం రెండున్నర మీటర్లు. మొత్తం బరువు 2,300 టన్నులు. నిమిషానికి 102 చుట్లు మాత్రమే తిరుగుతూ 80 మెగావాట్లు ఇచ్చే ఈ రకం ఇంజన్ ఇంధనశక్తిలో సగాన్ని పనిగా మారుస్తుంది. మంట నింపాదిగా కాలేందుకు సమయం ఉంది, పెద్ద సిలిండరులో గోడలకు పోయే వేడి వాటా తక్కువ.

నాకింగ్, సీసం

పెట్రోలు ఇంజన్‌నూ డీజిల్‌లా 18 రెట్లు నొక్కితే ఏమవుతుంది? ఇంజన్ ఎక్కువకాలం బతకదు. డీజిల్ ఇంజన్ నొక్కేది ఒట్టి గాలిని. పెట్రోలు ఇంజన్ సాధారణంగా నొక్కేది ఇంధనం కలిసిన గాలిని. ప్లగ్ దగ్గర పుట్టిన మంట సిలిండరు అవతలి మూలకు చేరేలోపు, అక్కడ మిగిలిన మిశ్రమం పీడనానికీ వేడికీ తట్టుకోలేక తనంతట తాను భగ్గుమంటుంది. పీడన తరంగాలు గోడలకు కొట్టుకుంటాయి. మెకానిక్కులు నాకింగ్ అనే ఇనుప చప్పుడు అదే. అది ముదిరితే పిస్టన్ తల గుంటలు పడి, కరిగి, చివరికి చిల్లు పడుతుంది.

1920 ప్రాంతంలో ఇంగ్లండులో హ్యారీ రికార్డో నొక్కుడు నిష్పత్తిని నడుస్తుండగానే మార్చగల పరిశోధన ఇంజన్ కట్టి రకరకాల ఇంధనాలను పరీక్షించాడు. ఇంజన్‌ను ఎంత నొక్కగలమో తేల్చేది లోహం కన్నా ముందు ఇంధనమేనని తేలింది. 1927 నాటికి దీన్ని కొలిచే స్కేలు వచ్చింది. తేలికగా నాకింగ్ ఇచ్చే హెప్టేన్‌కు 0, బాగా తట్టుకునే ఐసో ఆక్టేన్‌కు 100. ఒక పెట్రోలుకు 91 అని చెప్పారంటే, 91 పాళ్లు ఐసో ఆక్టేన్, 9 పాళ్లు హెప్టేన్ కలిపిన ద్రవంతో సమానంగా తట్టుకుంటుందని అర్థం. ఆక్టేన్ సంఖ్యకూ ఇంధనంలోని శక్తికీ సంబంధం లేదు. అది ఓర్పును చెప్పే సంఖ్య.

ఓర్పు పెంచే మందు కోసం అమెరికాలో జనరల్ మోటార్స్ తరఫున థామస్ మిడ్జ్‌లీ వెతికాడు. 1921 డిసెంబరు 9న టెట్రా ఇథైల్ లెడ్ దొరికింది. చిటికెడు సీసపు రసాయనంతో నాకింగ్ మాయమైంది. సీసం విషమని అప్పటికి అందరికీ తెలుసు. ఆల్కహాలు కూడా నాకింగ్‌ను ఆపుతుందనీ తెలుసు. అయినా చవకగా వచ్చే, పేటెంటు దక్కే సీసాన్నే ఎంచుకున్నారు. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో ఆ రసాయనం తయారుచేస్తున్న కార్మికుల్లో ఐదుగురు మతిచలించి చనిపోయారు. కొద్దికాలం ఆగి, అమ్మకం మళ్లీ మొదలైంది.

1965లో భూరసాయన శాస్త్రవేత్త క్లెయిర్ ప్యాటర్సన్, మనిషి చుట్టూ ఉన్న సీసం సహజస్థాయి కన్నా ఎన్నో రెట్లు పెరిగిందని ప్రకటించాడు. ఆ మాటకు తీవ్ర వ్యతిరేకత ఎదుర్కొన్నాడు. 1979లో హెర్బర్ట్ నీడిల్‌మన్ పిల్లల పాలపళ్లలోని సీసాన్ని కొలిచి, అది ఎక్కువున్నవారి తెలివితేటల పరీక్షల ఫలితాలు తక్కువగా ఉన్నాయని చూపాడు. భారతదేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరిలో ఆగింది. ప్రపంచంలో చివరిగా అల్జీరియా బంకుల్లో ఆగింది 2021లో. వంద సంవత్సరాలపాటు కొన్ని శాతాల సామర్థ్యం కోసం తరాల పిల్లల మెదళ్లను పణంగా పెట్టారు. ఇంజన్ల చరిత్ర చెప్పేటప్పుడు ఈ పేజీని ఎన్నడూ తిప్పేసి పోకూడదు.

మళ్లీ ఆల్కహాలు

ఆనాడు పక్కనపెట్టిన ఆల్కహాలు ఇప్పుడు మన ట్యాంకుల్లోకి వచ్చింది. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు 2023 ఫిబ్రవరిలో దేశంలోని కొన్ని బంకుల్లో మొదలై, తర్వాత అంతటా వ్యాపించింది. ఇథనాల్ ఆక్టేన్ 100 దాటుతుంది, కాబట్టి మిశ్రమం నాకింగ్‌ను బాగా తట్టుకుంటుంది. అయితే లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉన్నదానిలో మూడింట రెండొంతులే. లెక్క కడితే ఈ20 లీటరులో శక్తి 6, 7 శాతం తగ్గుతుంది. పెరిగిన ఓర్పును వాడుకుని ఎక్కువ నొక్కేలా కట్టిన ఇంజన్ ఈ లోటును కొంత పూడ్చుకోగలదు. పాత నిష్పత్తితోనే నడిచే బండికి ఆ అవకాశం లేదు, మైలేజీ కొంత తగ్గక తప్పదు. మైలేజీ మీద బంకుల దగ్గర జరిగే వాదనలకు మూలం ఇక్కడే ఉంది.

నొక్కుడు పెంచితే వచ్చే ఇంకో చిక్కు పొగలో ఉంది. గాలిలో ఐదింట నాలుగొంతులు నత్రజని. మంట ఉష్ణోగ్రత సుమారు 1,500 డిగ్రీలు దాటితే ఆ నత్రజనే ఆక్సిజన్‌తో కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లుగా మారుతుంది. ఊపిరితిత్తులకు అవి హాని. ఎంత వేడిగా కాలిస్తే అంత సామర్థ్యం, అంత ఎక్కువ ఆక్సైడ్లు. ఈ ముడిని నిజాయితీగా విప్పలేక 2015లో ఫోక్స్‌వ్యాగన్ దొరికిపోయింది. ప్రపంచవ్యాప్తంగా సుమారు 1.1 కోట్ల డీజిల్ కార్లలో, పరీక్ష జరుగుతోందని పసిగట్టి అప్పుడు మాత్రమే పొగను శుభ్రపరిచే సాఫ్ట్‌వేర్ పెట్టినట్లు ఒప్పుకుంది. 2020 ఏప్రిల్‌లో వాహనాల పొగపై బీఎస్6 ప్రమాణాలు వచ్చాక మన లారీలకూ బస్సులకూ డీజిల్‌తోపాటు డీఈఎఫ్ అనే యూరియా ద్రావణం పోయవలసి వస్తున్నది ఈ ఆక్సైడ్లను విడగొట్టడానికే.

కార్బన్ డయాక్సైడ్ లెక్క వేరు. పెట్రోలు లీటరు కాలితే సుమారు 2.3 కిలోలు, డీజిల్ లీటరు కాలితే 2.7 కిలోలు పుట్టి తీరతాయి. ఎంత గొప్పగా నొక్కినా ఆ అంకె మారదు. నొక్కుడుతో తగ్గించగలిగేది అదే దూరానికి కాల్చే లీటర్ల సంఖ్యను మాత్రమే. బరువైన వాహనాల విషయంలో ఇంధనాన్నే మార్చి ఇంజన్‌ను నిలుపుకునే ప్రయత్నాలు సాగుతున్నాయి. 2023లో రిలయన్స్, అశోక్ లేలాండ్ కలిసి హైడ్రోజన్‌ను సిలిండరులోనే కాల్చే లారీని ప్రదర్శించాయి. హైడ్రోజన్‌లో కార్బన్ లేదు. దాని మంట నుంచి వచ్చేది ప్రధానంగా నీటి ఆవిరి. కానీ ఆ ఇంజన్ పీల్చేదీ మన గాలినే, అందులోనూ నత్రజని ఉంది. వేడి ఎక్కువైతే నైట్రోజన్ ఆక్సైడ్లు అక్కడా పుడతాయి కాబట్టి, హైడ్రోజన్ ఇంజన్లు కట్టేవాళ్లు అవసరానికి మించి గాలి కలిపి మంటను చల్లబరిచే మార్గం ఎంచుకుంటున్నారు. గాలి వాటా పెరిగి హైడ్రోజన్ వాటా తగ్గితే ప్రతి దెబ్బలోనూ బలం తగ్గుతుంది. ఆ లోటు తీర్చడానికి టర్బోచార్జర్‌తో గాలిని ముందుగానే నొక్కి సిలిండరులోకి పంపుతున్నారు.